ఒంటి మగవాళ్లకు ప్రవేశం లేదు

ఆ బోర్డును చిక్కవెంకటప్పే తన చేత్తో గేటుకు కట్టాడు. రేకు బోర్డు. నాలుగు మూలలా బెజ్జాలు. ఇనుప తీగ దూర్చి, పట్టకారుతో మెలితిప్పి, ఏ చీర చెరగూ చిక్కుకోకుండా తీగ కొసలను వెనక్కి వంచాడు. పైన కన్నడం, కింద ఇంగ్లీషు. రాబర్ట్‌సన్‌పేటలో సగం ఇళ్లలో మాట్లాడేది తెలుగో తమిళమో అయినా, ఊరు కన్నడ రాష్ట్రంలో ఉంది కనక బోర్డులకు ఆ రెండూ పనికిరావు. ఆదివారం పొద్దుటి ఆట కుటుంబాలకు మాత్రమేననీ, ఆడమనిషి తోడు లేని మగవాళ్లకు ప్రవేశం లేదనీ దాని అర్థం.

"బాగా కనిపించేట్టు కట్టినావా?" గేటు పైనున్న బాల్కనీ మీదినుంచి గిరీశ్ అడిగాడు.

"కట్టినాను సార్."

"రేపట్నుంచి ఒక్కడు కూడా దూరకూడదు. ఎవరైనా సరే."

"సరే సార్."

విశాలమ్మ టాకీసు గిరీశ్ తాత తన భార్య పేరు మీద కట్టించింది. తండ్రి గుండప్ప బజారులో ధాన్యం మండీ చూసుకుంటాడు. టాకీసు వైపు తొంగి చూడడు. ఈగలు తోలుకునే హాలును కొడుకు చేతికిస్తే, కొడుకు ఆదివారం పొద్దున పాత బొమ్మల సినిమాలు వేయడం మొదలుపెట్టాడు. చేత్తో గీసిన బొమ్మలు, మాట్లాడే జంతువులు, నడుమ నడుమ పాటలు. ఇంటిల్లిపాదీ కలిసి చూడవలసినవి అని పోస్టరు మీద రాయించాడు. జనం వచ్చారు. బంగారుపేటనుంచి కూడా ఆటోలు కట్టించుకుని వచ్చారు. పోయిన ఆదివారం నలుగురు కుర్రాళ్లు వెనక వరసలో కూర్చుని ఆడవాళ్లను ఫోన్లలో తీశారు. గలాటా అయింది. దాని ఫలితం ఈ బోర్డు.

వెంకటప్పకు గేటు కొత్త కాదు. బంగారు గనులు నడిచిన రోజుల్లో షాఫ్టు నోటి దగ్గర, మనుషులను కిందికి దించే కేజు పక్కన నిలబడి, గేటు వేసి గంట కొట్టడం అతని పని. గంట కొట్టాక ఆ గేటు ఎవరికోసమూ తెరవకూడదు. టోపీ లేనివాణ్ణి, దీపం లేనివాణ్ణి కేజులోకి వదలకూడదు. ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు టోపీ లేకుండా ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంజనీరు తిట్టలేదు. పోయి టోపీ తెచ్చుకున్నాడు. గనులు మూతపడ్డాయి, భార్య పోయింది, గని లైనులో కంపెనీ ఇచ్చిన ఇల్లు పోయింది. గేటు ఒక్కటి మిగిలింది. టాకీసు మెట్ల కింద, సున్నం డబ్బాలు పెట్టే సందులో అతని పడక. కాళ్లు చాపితే మడమలు తలుపు బయటికి వస్తాయి. గేటు పని ఉన్నన్నాళ్లే ఆ సందు.

ఆదివారం పొద్దున ఖాకీ చొక్కా తొడుక్కుని, ముడుచుకునే ఇనుప గేటును మనిషి పట్టేంత మేర తెరిచి, ఆ సందులో నిలబడ్డాడు. టికెట్లు చించుతూ మనుషులను చూశాడు. మొగుడు, పెళ్లాం, పిల్లలు: పో. అవ్వ, మనవళ్లు: పో. ముగ్గురు కుర్రాళ్లు: వెనక్కి. వాళ్లు గొణిగారు. అతను వినలేదు. గొణిగేవాళ్లను వినకపోవడం అతనికి అలవాటే.

అప్పుడు వచ్చాడు మునేష్. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు. ఆదివారం తప్పించి రోజూ తెల్లవారక ముందే బెంగళూరు రైలు పట్టుకుని, పిల్లలు నిద్రపోయాక ఇంటికి చేరే వందలమందిలో ఒకడు. చేతిలో టికెట్లు, వేలు పట్టుకుని ఆరేళ్ల కూతురు. పాపకు రెండు జడలు. ఒకటి చెవికి పైన, ఒకటి చెవికి కింద.

"అమ్మ యాడ?" వెంకటప్ప అడిగాడు.

"లేదన్నా."

"వెనక వస్తా ఉండాదా?"

"లేదన్నా. పోయినేడు పోయింది."

వెంకటప్ప జడల వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత బోర్డు వైపు వేలు చూపించాడు. "ఆడమనిషి ఉండాల."

"ఈ పాప ఆడపిల్లే కదన్నా."

"పిల్ల లెక్కలోకి రాదు."

లైన్లో వెనక ఎవరో నవ్వారు. బాల్కనీనుంచి గిరీశ్ వంగి చూసి, "ఏమి వెంకటప్పా?" అన్నాడు. విషయం విని తల అడ్డంగా ఊపాడు. "కుదరదు. ఒకణ్ణి వదిలితే వచ్చే వారం ప్రతివాడూ పక్కింటి పిల్లను ఎత్తుకోని వస్తాడు. ఎవరైనా సరే అని చెప్పినాను కదా."

మునేష్ మారు మాట్లాడలేదు. అదే వెంకటప్పకు నచ్చలేదు. గలాటా చేసేవాణ్ణి తోసెయ్యడం సులభం. ఇతను టికెట్లను జాగ్రత్తగా జేబులో పెట్టుకుని పక్కకు జరిగాడు. పాప మాత్రం కదలలేదు. పోస్టరు వైపు చూపించింది. ఓడ అంచున కూర్చున్న పిల్లి, దాని ఒక కన్ను మూసుకుని ఉంది.

"తాతా, ఆ పిల్లికి నిజంగానే ఒకటే కన్నా, లేకుంటే కన్ను కొడతా ఉండాదా?"

"నాకు తెలీదు."

"నువ్వు చూల్లేదా?"

"లేదు. జరుగు."

అది నిజమే. ఆ సినిమాల్లో ఒక్కటి కూడా అతను చూడలేదు. గంట కొట్టి గేటు వేశాక అతను ఉండేది బయట, వీధి వైపు. లోపలి ధ్వని మాత్రం వస్తుంది. ఓడ ఈల, అలలు, ఒక పాట, ఉన్నట్టుండి పిల్లలంతా ఒక్కసారి నవ్వడం. ఎందుకు నవ్వుతారో తెలియదు.

తండ్రీ కూతుళ్లు మూల తిరిగేదాకా చిన్నక్క చూసింది. కాంపౌండు గోడ లోపలి వైపు, గేటు పక్క మెట్టు మీద ఉడకబెట్టిన చెనిక్కాయల బుట్ట పెట్టుకుని కూర్చునే మనిషి ఆమె. మొగుడు గనిలో దుమ్ము తిని పోయాడు. అప్పటినుంచీ ఆ మెట్టు ఆమెదే.

"భలే మగోడివప్పా వెంకటప్పా," అంది. "ఆరేళ్ల పాపను గెలిచినావు పో."

"నాది కాదు ఆ మాట. బోర్డుది."

"బోర్డుకు నోరు లేదు కదా, నీ నోరు అప్పిచ్చినావు."

ఆమె లేచి చీర మీది పొట్టు దులుపుకుంది. చుట్టూ చూసింది. గోడ నీడన బచ్చప్ప నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు గనిలో పైకప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టినవాడు, పెళ్లాం పోయాక పొద్దుపోక వీధులు తిరిగేవాడు. "ఓ బచ్చప్పా, టికెట్టు తీసుకో. నేనొస్తా నీతో," అని కేక వేసింది.

బచ్చప్ప పళ్లు లేని నోరు తెరిచాడు. "నువ్వెందుకక్కా?"

"ఫ్యామిలీ అంట. ఆడమనిషి కావాలంట. నేనుండానే."

ఇద్దరూ గేటు ముందుకొచ్చి నిలబడ్డారు. వెంకటప్ప ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు చెనిక్కాయలమ్మేదానివి."

"చెనిక్కాయలమ్మేది ఆడమనిషి కాదని యాడ రాసుండాది, చూపించు."

ఎక్కడా రాసి లేదు. టికెట్లు చించి దారి ఇచ్చాడు. కాసేపటికి ఆమె పక్క తలుపునుంచి బయటికొచ్చి, ముందు వెనక్కి పంపిన ముగ్గురు కుర్రాళ్ల నడుమ నిలబడి మళ్లీ వచ్చింది. "నా తమ్ముళ్లు," అంది. లైన్లో జనం పగలబడి నవ్వారు. కుర్రాళ్లలో ఒకడు సిగ్గుపడి ఆమె బుట్ట మోశాడు. గేటు ముందు గలాటా లేదు, తిట్లు లేవు. ఆ పూట అక్కడ చిరాకు ముఖం వెంకటప్పదొక్కటే. ఈమెకు ఈ ఆలోచన పావుగంట ముందు వచ్చి ఉంటే ఆ పాప లోపల ఉండేది. అదే అతని చిరాకు.

గంట కొట్టి గేటు వేసి తల ఎత్తాడు. బాల్కనీ మీద గిరీశ్ నవ్వడం లేదు.

మరుసటి పొద్దున గిరీశ్ ఆఫీసు గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు. ఫోను చూస్తూనే మాట్లాడాడు.

"నిన్న ఏమి నాటకం అది?"

"ఆడమనిషి ఉంటే వదలమన్నారు. ఉండాది, వదిలినాను."

"నాకు తెలివి నేర్పించొద్దు. ఆ ముసిల్దాని బుట్ట ఇంగ కాంపౌండులో కనిపించకూడదు. ఆమె టికెట్టు కొన్నా లోపలికి పోకూడదు. ఈ సినిమా వచ్చే ఆదివారంతో ఆఖరు. ఆ ఒక్క ఆట అన్నా మర్యాదగా జరగాల. మళ్లీ ఇట్లా అయితే మెట్ల కింద ఖాళీ చేసుకో. వేరేవాణ్ణి పెట్టుకుంటాను."

వెంకటప్ప తల ఊపాడు. బయటికి వచ్చి మెట్ల కింది సందులో కాసేపు కూర్చున్నాడు. నెత్తికి మెట్టు తగలకుండా కూర్చోవాలంటే మెడ వంచాలి. ఇన్నాళ్లుగా వంచి వంచి అతనికి బయట కూడా మెడ వంగే ఉంటోంది. ఖాళీ చేస్తే యాడికి పోతాడు? కూతురు బూదికోటలో ఉంది. అల్లుడి ఇంటి గడప తొక్కనని ఒకనాడు అన్నాడు. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

మంగళవారం చిన్నక్క బుట్ట దించుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈడ వద్దు."

ఆమె నవ్వింది. అతని ముఖం చూసి నవ్వు ఆపింది. "చిన్న సావుకారు చెప్పినాడా?"

"చెప్పినాడు."

"నువ్వేమన్న్యావు?"

"సరే అన్నాను."

చిన్నక్క బుట్ట కిందికి దించింది. చెనిక్కాయల మీద కప్పిన తడిగుడ్డ తీసి, పిండి, మళ్లీ కప్పింది. "మీ ఆవిడ ఉన్న్యప్పుడు," అంది చివరికి, "పండక్కి పండక్కి నాకొక రైకగుడ్డ తెచ్చిచ్చేది. నీకు తెలుసునా?"

"తెలీదు."

"నీకేం తెలుసు. గేటు తెలుసు."

బుట్ట నెత్తికెత్తుకుంది. అతను సాయం పట్టబోతే మోచేత్తో తోసింది. రోడ్డు దాటి, మురిక్కాలువ పక్కన, నీడలేని చోట కూర్చుంది. టాకీసుకొచ్చే జనం ఆ వైపు పోరు. సాయంత్రం ఆమె బుట్ట ఎంత బరువుతో వచ్చిందో అంత బరువుతో పోవడం వెంకటప్ప గేటు దగ్గరినుంచి చూశాడు. బుధవారం చూశాడు. గురువారం చూడకూడదనుకుని చూశాడు. వెళ్లి చెనిక్కాయలు కొనాలనిపించలేదు. కొంటే అది క్షమించమని అడిగినట్టు అవుతుంది. అతను ఎవరినీ క్షమించడు; ఎవరూ తనను క్షమించనూ అక్కర్లేదు.

శనివారం సాయంత్రం మునేష్ వచ్చాడు. పెందలాడే పని వదిలి, రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజాన సంచి, మెడలో కంపెనీ కార్డు. గేటు కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, రేపు ఆఖరి ఆట అంట."

"ఊఁ."

"పాప వారమంతా అదే మాట. పిల్లికి ఒక కన్నా, రెండు కండ్లా అని. చెల్లెల్ని రమ్మంటే కుదరదనింది. పక్కింటోళ్లను అడిగితే ఒక మాదిరిగా చూసిరి. భార్య పోయినోడు పక్కింటామెను సినిమాకు రమ్మంటా ఉండాడని." అతను నవ్వబోయాడు, రాలేదు. "నేను బయటే నిలబడతా. పాపను ఒక్కదాన్నే పంపిస్తే వదులుతారా?"

"ఒక్క పిల్లను ఎట్లా పంపిస్తావు చీకట్లోకి? భయపడదా?"

"భయపడతాది," అన్నాడు మునేష్. "వాళ్లమ్మ పోయినప్పటినుంచి చీకటంటే భయం. నా చెయ్యి పట్టుకోనే నిద్రపోతాది."

రోడ్డు అవతలినుంచి చిన్నక్క గొంతు వినిపించింది. "నేను పిలుచుకోని పోతా రాప్పా రేపు."

"నిన్ను వదలకూడదు," అన్నాడు వెంకటప్ప ఆమె వైపు చూడకుండా.

మునేష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గేటు కడ్డీలు వదిలాడు. అరచేతులకు తుప్పు అంటుకుంది. దాన్ని ప్యాంటుకు తుడుచుకోకుండా, చేతులు అట్లాగే దూరంగా పెట్టుకుని నడిచిపోయాడు. ఇంట్లో బట్టలు ఉతికేది అతనేనని వెంకటప్పకు అర్థమైంది. భార్య పోయాక తనూ అంతే. తుప్పు మరక సబ్బుకు పోదు.

ఆదివారం పొద్దున కొళాయిలో నీళ్లు రాకముందే వెంకటప్ప లేచాడు. సందులోంచి చాప తీసి దులిపాడు. దుప్పటి, రెండు చొక్కాలు, అల్యూమినియం గిన్నె, భార్య ఫోటో అన్నిటినీ ఆమె పాత చీరలో పెట్టి ముడివేశాడు. సున్నం డబ్బాలను మొదట ఉన్న చోట వరసగా సర్దాడు. చీపురుతో నేల ఊడ్చాడు. చిన్నక్క వచ్చాక మూట తీసుకుని రోడ్డు దాటి ఆమె ముందు దించాడు.

"ఇది ఈడ ఉండనీ."

"ఏమప్పా ఇది?"

"మూట."

ఆమె మూటను చూసింది, అతన్ని చూసింది. బుట్ట కొంచెం జరిపి చోటు చేసింది.

జనం వచ్చారు. ఆఖరి ఆట కావడంతో హాలు నిండింది. ఒంటిగా వచ్చిన మగవాళ్లను అతను ఎప్పటిలాగే వెనక్కి పంపాడు. బచ్చప్పను కూడా పంపాడు. వాళ్లు పోలేదు. ఏదన్నా దారి దొరుకుతుందేమోనని గోడ పక్కన గుంపుగా నిలబడ్డారు. మునేష్ కూతురితో వచ్చి గేటు దగ్గరికి రాకుండా రోడ్డు అవతలే ఆగిపోయాడు. చిన్నక్క పాపను ముందు కూర్చోబెట్టుకుని జడలు విప్పి, తన దువ్వెనతో మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

ప్రతి ఆదివారం గిరీశ్ చేసే పని ఒకటుంది. ఆట మొదలయ్యే ముందు తెర ముందు నిలబడి మైకులో రెండు మాటలు చెబుతాడు. కుటుంబం గురించి, పిల్లల గురించి. అది చెప్పి ఆఫీసు గదికి పోతాడు. అతను కూడా సినిమా చూడడు. ఆ పొద్దు కారు దిగేసరికి ఆలస్యమైంది. లోపల పిల్లలు కాళ్లు నేలకేసి కొడుతున్నారు. ఫోను చెవిన పెట్టుకుని వడివడిగా వచ్చి గేటు సందులోకి ఒక కాలు పెట్టాడు.

వెంకటప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"జరుగు వెంకటప్పా, టైమయింది."

"ఒంటి మగవాళ్లకు లేదు సార్."

గిరీశ్ నవ్వి, చెయ్యి పక్కకు తోయబోయాడు. అది కదల్లేదు. షాఫ్టు నోటి దగ్గర తోసుకొచ్చే పగటి షిఫ్టు మొత్తాన్ని ఆపిన చెయ్యి అది.

"ఏమి తమాషా ఇది? నేనెవరు?"

"తెలుసు సార్. ఎవరైనా సరే అని మీరే చెప్పినారు."

"చాలు. నవ్వినాము. జరుగు."

"నేను నవ్వలేదు సార్. అమ్మగారు రాలేదా?"

గిరీశ్ చుట్టూ చూశాడు. గోడ పక్కన మగవాళ్లంతా గేటుకు దగ్గరగా వచ్చారు. ఇద్దరు ఫోన్లు పైకి ఎత్తారు. ముసలివాణ్ణి లాగి పారేయవచ్చు. అది సాయంత్రానికి ఊరంతా చూస్తుంది. పక్క తలుపు లోపలినుంచి తీయించుకోవచ్చు. ఇంతమంది ముందు తన టాకీసులోకి తానే పక్క తలుపున దూరాలి. ఫోను జేబులో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమి కావాల నీకు?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేమీ వద్దు సార్. ఆడమనిషి ఉండాల."

రోడ్డు అవతల చిన్నక్క పాప జడ కొసకు రిబ్బను ముడివేసి, మోకాళ్లు పట్టుకుని లేచింది. నింపాదిగా రోడ్డు దాటింది. ఆమె వెనక మునేష్, వేలు పట్టుకుని పాప.

"ఏమి నాయినా గిరీశూ," అంది. "ఆడమనిషి తక్కువ పడిందా? నేనొస్తా పద."

ఎవరో కిసుక్కుమన్నారు. గిరీశ్ ఆమె వైపు చూడలేదు. వెంకటప్ప చెప్పాడు: "ఈమెను వదలొద్దన్నారు సార్."

లోపల ఈలలు మొదలయ్యాయి. గిరీశ్ పళ్ల బిగువున, "రానీ," అన్నాడు.

"వినపడలేదు సార్."

"రానీ ఆమెను."

"నేనొక్కదాన్నే రాను," అంది చిన్నక్క. "మా ఇంటోళ్లంతా వస్తారు. ఈయన నా చిన్న కొడుకు, ఇది మనవరాలు. నువ్వు పెద్దోడివి. చెయ్యి పట్టుకో నాయినా, మెట్టు ఎక్కాల, నాకు మోకాలు నొప్పి."

గిరీశ్ చెయ్యి ఇవ్వలేదు. ఆమే అతని మోచెయ్యి పట్టుకుంది. వెంకటప్ప అడ్డం పెట్టిన చెయ్యి తీశాడు. మునేష్ జేబులోంచి పోయిన వారం టికెట్లు తీశాడు. మడతల దగ్గర నలిగి ఉన్నాయి. తేదీ చూడకుండా వెంకటప్ప వాటిని చించాడు. నలుగురూ ఒక వరసలో లోపలికి పోయారు. పాప ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. జడలు రెండూ సమంగా ఉన్నాయి.

మైకులో గిరీశ్ గొంతు వినిపించింది. రెండు మాటలు చెప్పలేదు, ఒక్కటే చెప్పాడు. అందరికీ స్వాగతం అని. లైట్లు ఆరాయి. వెంకటప్ప గంట తాడు పట్టుకున్నాడు. అప్పుడే గిరీశ్ హాలు తలుపు తోసుకుని వచ్చి, గేటు దాటి అతని ఎదుట నిలబడ్డాడు. ఊపిరి వేగంగా పీలుస్తున్నాడు.

వెంకటప్ప గంట కొట్టాడు. గేటు లాగి, గడియ వేసి, తాళం వేశాడు.

"సాయంత్రానికి మెట్ల కింద ఖాళీ కావాల," అన్నాడు గిరీశ్.

"పొద్దున్నే చేసినాను సార్."

గిరీశ్ మెట్ల కింది సందు వైపు కడ్డీల్లోంచి చూశాడు. సున్నం డబ్బాలు వరసగా ఉన్నాయి. "తాళంచెవులు," అని చెయ్యి చాచాడు. వెంకటప్ప నడుమునుంచి గుత్తి విప్పి ఆ చేతిలో పెట్టాడు. ఖాకీ చొక్కా గుండీలు తీసి, విప్పి, మడతపెట్టి గేటు పక్క స్టూలు మీద పెట్టాడు. లోపల చిరుగుల బనీను. బచ్చప్ప, మిగతా మగవాళ్లు కాంపౌండు గోడ పొడుగునా కూర్చుని చూస్తున్నారు. ఎవరూ ఇళ్లకు పోలేదు.

గిరీశ్ గేటు వైపు తిరిగాడు. తాళంచెవిని తాళం దాకా తీసుకుపోయి ఆగాడు. గోడ పక్కనివాళ్లు కదల్లేదు. ఊరికే చూశారు. బోర్డు అతని కళ్లకు ఎదురుగానే ఉంది, నాలుగు మూలలా తీగతో గట్టిగా కట్టి.

అతను గుత్తిని పిడికిట్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. అది చిన్నక్క మెట్టు. వెంకటప్ప అతనికి కొంచెం దూరంలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూట రోడ్డు అవతల ఎండలో ఉంది. సాయంత్రం దాన్ని ఎత్తుకుని యాడికి పోవాలో అతను ఇంకా అనుకోలేదు.

లోపల ఓడ ఈల వేసింది. అలలు. పాట. ఆ తర్వాత హాలంతా ఒక్కసారి పెద్దగా నవ్వింది. ఆ నవ్వుల్లో ఒక పాప నవ్వు అందరికంటే చివర ఆగింది. మెట్టు మీద కూర్చున్నవాడు తల ఎత్తి నిలబడ్డవాడి వైపు చూశాడు. దేనికి నవ్వారో ఇద్దరికీ తెలియదు.